రైల్లో పుట్టని పాట

మహబూబ్ పాషా చెప్పే కథ ప్రకారం ఆ పాట మెల్‌బోర్న్‌లో డాండెనాంగ్ రైల్లో పుట్టింది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తున్నాడట, కిటికీ పక్కన సీటు దొరికిందట, ఎదురుగా ఎవరో శాంటా టోపీ పెట్టుకుని కునుకు తీస్తున్నాడట, అంతే, బాణీ దానంతటదే వచ్చి నోట్లో పడిందట. ఈ కథని అతను ఆఫీసులో చెప్పాడు, బార్బెక్యూల్లో చెప్పాడు, రేడియోలో రెండుసార్లు చెప్పాడు. విన్నవాళ్లంతా ఆహా అన్నారు. పచ్చి అబద్ధం! ఏడున్నర బండిలో కిటికీ పక్కన సీటు దొరకడమే అబద్ధం, ఇక బాణీ సంగతి చెప్పాలా?

రెండు వేల సంవత్సరం డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లకి ఆ పాట వినకుండా బతకడం కుదిరేది కాదు. "శాంటా, లీవ్ యువర్ బూట్స్ అవుట్‌సైడ్" అని పల్లవి. డిసెంబరులో ఎండలు మండిపోయే ఊళ్లో బొచ్చు బూట్లు వేసుకొచ్చిన శాంటాని, బూట్లు గుమ్మం బయట విడిచి లోపలికి రావయ్యా, చల్లగా ఏదన్నా తాగి పో అని పిలిచే పాట. సూపర్‌మార్కెట్‌లో అదే, పెట్రోలు బంకులో అదే, బళ్లో పిల్లల క్రిస్మస్ కచేరీలో అదే. సీడీ మీద చిన్న అక్షరాల్లో "సంగీతం: ఎం. పాషా" అని ఉంటుంది. ఆ ఎం. పాషా ఎవరో, ఆ పేరు అక్కడికి ఎలా ఎక్కిందో చెబుతాను వినండి. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ ఉండదు, ముందే చెప్తున్నా.

పాషాది ఆదోని. డిగ్రీ చదువుతూ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. చెవి మహా గొప్పది. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు, వేళ్లు పట్టేసుకునేవి. ఆర్కెస్ట్రావాళ్లకి ఇంకో విద్య కూడా ఉంటుంది. ఎంత ఏడుపు పాటనైనా సరే, బారాత్ ముందుకు కదలాలంటే దరువు మార్చి, పరుగు పెంచి, పెళ్లికొడుకు గుర్రం దిగి గంతులేసేలా చేసేస్తారు. పాషా అందులో చెయ్యి తిరిగినవాడు. తరవాత అందరిలాగే హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ నేర్చుకుని, తొంభై ఎనిమిదిలో మెల్‌బోర్న్‌లో దిగాడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పని. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా వెతికి నాలుగంకెలు చెయ్యాలి. రెండు వేలు వచ్చేలోపల ఆ పని పూర్తికాకపోతే ప్రపంచం తలకిందులైపోతుందని అప్పట్లో అందరి నమ్మకం.

దిగిన కొత్తలో తెలుగు కుర్రాళ్లు ఆదివారాలు కేరమ్ డౌన్స్ గుడికి వెళ్తుంటే పాషా కూడా కారెక్కేవాడు. దేవుడి కోసం కాదు లెండి, అక్కడ దొరికే పులిహోర కోసం. ఆ గుడి క్యాంటీన్ బోర్డు మీద ఒకసారి ఒక కాగితం కనిపించింది. నోబుల్ పార్కులో గది ఉంది, తెలుగు మాట్లాడతాము, ఏ మతమైనా ఫర్వాలేదు అని ఇంగ్లిషులో. అలా జైరామ్ అంకుల్, రుక్మణి ఆంటీల ఇంట్లో వెనకగదిలో చేరాడు.

వాళ్లు ఫిజీవాళ్లు. ఎనభై ఏడులో అక్కడ ప్రభుత్వం తలకిందులయ్యాక సామాను సర్దుకుని వచ్చేశారు. అంకుల్ డాండెనాంగ్‌లో బస్సు నడిపేవాడు, ఆంటీ బడి క్యాంటీన్‌లో శాండ్‌విచ్‌లు చేసేది. ఒక్కడే కొడుకు జయేష్, రెండు వీధుల అవతల కాపురం. ఆంటీ ఇండియా మొహం ఎప్పుడూ చూడలేదు. కానీ వాళ్ల మామ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు నోట్లో భద్రంగా ఉంది, ఎప్పుడో వందేళ్ల కిందటి విశాఖపట్నం వైపు తెలుగు. "ఏటి బాబూ, తిన్నావా నేదా?" అని అడిగేది. ఆ మాటల్ని మన పాషా శనివారం స్నేహితుల మధ్య అనుకరించి నవ్వించేవాడు. ఆవిడ పెట్టిన చేపల కూర అరగక ముందే! ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుందని తనే అంటాడు.

తొంభై తొమ్మిది అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆదోని నుంచి అన్న ఫోను చేశాడు. అమ్మీ తెల్లవారుజామున పోయిందని, మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే మట్టి ఇచ్చేస్తామని. మెల్‌బోర్న్ నుంచి ఎగురుకుంటూ వెళ్లినా అందే మాట కాదు. "నువ్వు చాలీస్వాఁకి రారా, నలభై రోజులుంది గదా," అన్నాడు అన్న. పాషా ఊఁ అన్నాడు.

ఆఫీసులో ఆ నెల మొదట్లోనే అందరికీ ఒక కాగితం పంచారు. అక్టోబరు నుంచి జనవరి నడిమి దాకా ఎవరికీ సెలవుల్లేవు. కింద మాత్రం ఒక వాక్యం ఉంది. ఇంట్లో ఎవరన్నా పోతే మేనేజరుని కలవండి, చూద్దాం అని. పాషా ఆ వాక్యం చదివాడు. రెండుసార్లు చదివాడు. నవంబరులో కాంట్రాక్టులు ఎవరివి పొడిగిస్తారో, ఎవరివి ఆపేస్తారో జాబితా వస్తుందని అందరూ గుసగుసలాడుతున్నారు. ఇలాంటప్పుడు సెలవు అడిగితే తన పేరు ఎటు పడుతుందో! సోమవారం మేనేజరు గది ముందు నించి నాలుగుసార్లు నడిచాడు. తలుపు తట్టలేదు. అదీ సంగతి. కన్నతల్లి పోతే సెలవు అడగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆంటీ వంటింట్లో టారో దుంపలు ఉడకబెడుతోంది.

"ఎప్పుడెల్తన్నావు బాబూ?" అంది.

"లీవు ఇయ్యలేదు ఆంటీ," అన్నాడు పాషా.

ఇది మొదటి అబద్ధం. రైలు కథ చాలా తరవాత వచ్చింది. తతిమ్మా అబద్ధాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

ఆంటీ పొయ్యి ఆర్పేసింది. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూచుంది. తరవాత మెల్లిగా, "మా మామ్మకీ ఇవ్వనేదు బాబూ," అంది.

ఆవిడ మామ్మ పేరు అప్పలనరసమ్మ. విశాఖపట్నం జిల్లాలో ఏదో పల్లె నుంచి చెరుకు తోటల పనికని ఓడ ఎక్కించి ఫిజీలో దించారు. లబాసా దగ్గర కూలీల లైను గదుల్లో ఉండగా ఏడాదిన్నర పిల్ల జ్వరంతో పోయింది. పొద్దున్న పోయింది. ఒక్క పూట సెలవిమ్మని అప్పలనరసమ్మ పని చేయించే తెల్ల కులంబర్ దొర కాళ్ల మీద పడింది. వాడు సాలు చూపించి కత్తి చేతికిచ్చాడు. పిల్లని ఎవరో తీసుకెళ్లి పూడ్చారు. తల్లి చెరుకు నరుకుతూ, గట్టిగా ఏడిస్తే దెబ్బలు పడతాయని, ఏడుపుని పాట చేసుకుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరు పోయినా, శవపెట్టె మూత వేసేముందు, ఇంటికి పెద్దామె ఆ పాట ఒక్కసారి పాడుతుంది. మళ్లీ చావు వచ్చేదాకా దాన్ని ఎవరూ నోటితో అనరు, కూనిరాగం కూడా తియ్యరు. అది వాళ్ల ఆనవాయితీ.

"ఏవండీ, ఆ టీవీ ఆపండి," అంది ఆంటీ హాల్లోకి చూసి. అంకుల్ క్రికెట్ చూస్తున్నాడు. టీవీ ఆపేసి, నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆంటీ, చావింట్లో తప్ప పాడరన్నారు గదా," అన్నాడు పాషా.

"నువ్వు ఇక్కడే ఉన్నావు కదా నాయనా. నీ తల్లి పోతే ఈ ఇంట్లో పోయినట్టే," అంది ఆవిడ. కళ్లు మూసుకుని పాడింది.

*ముందు నువ్వెల్లమ్మా, మూట నే తెత్తాను,*
*ఈ సాలు కోసేసి ఎనకాల నేనొత్తాను...*

కత్తి ఎత్తినప్పుడు ఊపిరి లాగినట్టు, దింపినప్పుడు వదిలినట్టు, చాలా మెల్లిగా సాగే పాట. నాలుగే నాలుగు చరణాలు. పాషా బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మీ కోసం ఏడ్చాడు, నిజమే. కానీ ఆ పాట సెలవు దొరకని తల్లిది, దాన్ని ఆవిడ సెలవు అడగని కొడుక్కి పాడుతోంది. ఆ సిగ్గుకి కూడా ఏడ్చాడు. ఆ క్షణంలోనే "ఆంటీ, నేను అడగలేదు" అని ఉంటే పోయేది. అనలేదు. చాలీస్వాఁకి కూడా వెళ్లలేదు.

ఆ పాట అతని వేళ్లకి పట్టేసింది. గదిలో పాత కీబోర్డు మీద, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా వాయించుకునేవాడు. అది తప్పు అని మనం అనలేం. తల్లి పోయినవాడు, ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

డిసెంబరు మధ్యలో ఆఫీసులో క్రిస్మస్ భోజనాలు పెట్టారు. సెలవుల్లేక అందరూ మొహాలు వేలాడేసుకుని ఉన్నారని, ప్రతి జట్టూ ఏదో ఒకటి పాడాలి, ఆడాలి అని పెట్టారు. పాషా జట్టులో డారెన్ అని గిటారు వాయించే కుర్రాడు ఉన్నాడు. మంచివాడే. పాషా ఇంటికి ఒకసారి వచ్చి, బూట్లతో లోపలికి అడుగుపెట్టబోతే ఆంటీ గుమ్మంలో ఆపేసింది. దాని మీద వాడు సరదాగా నాలుగు ముక్కలు రాసుకొచ్చాడు. శాంటా వచ్చినా సరే ఆంటీ బూట్లు విప్పిస్తుంది అని. దానికి బాణీ కావాలి. మీటింగు గదిలో కీబోర్డు ముందు కూచుని, ఏదో ఒకటి వాయించు అంటే, పాషా వేళ్లు అలవాటుగా ఆ పాట మీదకే పోయాయి.

"ఏంటది? బాగుంది, కానీ మరీ నీరసంగా ఉంది మేట్. స్పీడ్ పెంచితే?" అన్నాడు డారెన్.

ఇక చూసుకోండి! డారెన్‌కి ఆ పాటేమిటో తెలియదు, వాణ్ణి అని లాభం లేదు. పాషాకి తెలుసు. తెలిసి తెలిసి, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా విద్య అంతా బయటికి తీశాడు. పరుగు నాలుగింతలు చేశాడు. ఏడుపు స్వరాలున్న చోట నవ్వు స్వరాలు పెట్టాడు. కింద బారాత్ దరువు వేశాడు. పది నిమిషాల్లో అప్పలనరసమ్మ పాట గంతులేసింది. "ఎక్కడిదిది?" అని డారెన్ నోరు వెళ్లబెడితే, ఒక్క క్షణం ఆగి, "ఊరికే తట్టింది," అన్నాడు. ఆ రోజు భోజనాల్లో రెండొందల మంది బల్లలు చరిచి పాడారు. మూడుసార్లు పాడించుకున్నారు. మేనేజరు వచ్చి భుజం తట్టాడు. పాషాకి లోపల ఎక్కడో చురుక్కుమంది కానీ, చప్పట్లలో అంతగా తెలియలేదు.

జనవరి ఒకటిన ప్రపంచం తలకిందులు కాలేదు. కోబాల్ కుర్రాళ్లే తలకిందులయ్యారు. జూన్ కల్లా కాంట్రాక్టు ముగిసింది. తల్లిని కాదని కాపాడుకున్న ఉద్యోగం ఎనిమిది నెలలైనా నిలవలేదు. పాషా ఒక కాల్ సెంటర్లో కరెంటు బిల్లుల ఫిర్యాదులు వినే పనిలో చేరాడు. ఆదోనివాళ్లకి మాత్రం ఇంకా కంప్యూటర్ల పనే అని చెప్పుకునేవాడు. ఆ రోజుల్లోనే డారెన్ వాళ్ల కజిన్ బ్యాండు ఆ పాటని రికార్డు చేసింది. నవంబరులో ఒక చిన్న రేడియో స్టేషను వేసింది, డిసెంబరుకి పెద్దవన్నీ వేశాయి. ఎవరికీ అక్కర్లేని కోబాల్ పాషా, రాత్రికి రాత్రి బూట్స్ పాట పాషా అయిపోయాడు. పార్టీల్లో పిలిచి కీబోర్డు ముందు కూచోబెట్టేవాళ్లు. "రైల్లో వచ్చింది" అనే మాట మొదట ఎక్కడ అన్నాడో అతనికే గుర్తులేదు. అన్నాక బాగుందనిపించింది, ఇక అదే ఖాయం చేశాడు.

ఆంటీకి తెలియకుండా ఎన్నాళ్లుంటుంది? ఒక గురువారం మధ్యాహ్నం ఆవిడ సూపర్‌మార్కెట్ నుంచి సంచులు పట్టుకుని వచ్చింది. పాషాకి ఆ రోజు పని లేదు, వంటింట్లో టీ పెట్టుకుంటున్నాడు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"పాషా, మామ్మ పాట షాపులో ఏసారు," అంది. "నానక్కడే నిలబడిపోనాను. ఎవరు పోయారో ఏటో అనుకున్నాను. ఎవర్నడగాలో తెల్లేదు."

పాషా టీ గిన్నె వైపు తిరిగిపోయాడు.

"అది వేరే పాట ఆంటీ. కొంచెం అట్లే ఉంటాది, అంతే," అన్నాడు.

"అలాగా," అంది ఆవిడ. నమ్మింది. నమ్మి, "నా సెవులకేటో అయింది, ముసల్దాన్నైపోతన్నాను," అని తనలో తనే నవ్వుకుంది. ఆ నవ్వు చూసి పాషా స్టవ్ దగ్గరే భూమిలోకి కుంగిపోయాడు. అయినా నోరు విప్పలేదు.

శనివారం మనవరాలు అలీషా వచ్చింది. జయేష్ కూతురు, ఐదేళ్లది, తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లిషులోనే. వస్తూనే, "ఆజీ, పాషా అంకుల్ ఈజ్ ఫేమస్! హీ మేడ్ ద శాంటా సాంగ్! టీచర్ చెప్పింది!" అని హాలంతా గెంతుతూ మొత్తం పాట పాడి వినిపించింది. ఆంటీ సోఫాలో కూచుని ఆఖరిదాకా విన్నది. పాషా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇప్పుడు తిడుతుంది, గది ఖాళీ చెయ్యమంటుంది, అననీ, అంటే ఈ బరువు దిగుతుంది అనుకున్నాడు. ఆవిడ లేచి, చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే అతని కంచంలో ముందుగా అన్నం పెట్టింది.

ఆ అన్నం తిన్నాడు. తినక ఏం చేస్తాడు? కానీ ఆ తరవాత ఆ ఇంట్లో తలెత్తి తిరగలేకపోయాడు. రెండు నెలలు చూసి, కాల్ సెంటరు దూరమని ఏదో సాకు చెప్పి గది ఖాళీ చేసేశాడు. పండక్కో పబ్బానికో వెళ్లి, గుమ్మంలోంచే పలకరించి వచ్చేవాడు. "మొకం చూపించడం మానేసినావేటి?" అంటే పని ఎక్కువగా ఉందనేవాడు.

రెండు వేల ఒకటి నవంబరులో జైరామ్ అంకుల్‌కి కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయి. ఆస్పత్రిలో చేర్చారు. పాషా చూడ్డానికి వెళ్లాడు. అంకుల్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బస్సు నడిపేవాళ్లు మాటలు పొదుపుగా వాడతారేమో. ఆంటీ కాఫీ తెస్తానని బయటికి వెళ్లగానే, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"బేటా, నిన్ను తిట్టడానికి కాదు. ఒకటి అడుగుతాను."

"చెప్పండి అంకుల్."

"మా అప్పలనరసమ్మకి ఫొటో లేదు. సమాధి లేదు. గిర్మిట్ కాయితంలో, అదే కూలీ ఒప్పందంలో, ఒక నంబరుంది, అంతే. నా పెళ్లాం ఏమీ అనదు. అన్నదా నిన్నెప్పుడైనా? అనదు. కానీ ఆ పాట రేడియోలో వచ్చినప్పుడల్లా లేచెళ్లి పెరట్లో నిలబడతాది. నేను చూస్తున్నాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నువ్వు రేడియోలో మాట్లాడతావంట కదా, అలీషా చెప్పింది. ఒక్కసారి పేరు చెప్పు. ఇది అప్పలనరసమ్మ పాట అని. నేను ఉండగా ఆవిడ వినాలి. ఇంకేం వద్దు నాకు."

"చెప్తా అంకుల్. అమ్మీ మీద ఒట్టు," అన్నాడు పాషా, ఆయన చెయ్యి పట్టుకుని. అప్పుడతను నిజంగానే చెప్పాలనుకున్నాడు. అది మాత్రం నమ్మండి.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదింటికి రేడియో స్టూడియోకి వెళ్లాడు. పాపులర్ క్రిస్మస్ పాటల వెనక కథలు చెప్పించే కార్యక్రమం. రాత్రంతా కూచుని ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు రాసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పలనరసమ్మ పేరు వాళ్లకి పలకడానికి వీలుగా విడగొట్టి రాసుకున్నాడు కూడా. లైవ్. ఎదురుగా కూచున్నావిడ హుషారుగా, "డాండెనాంగ్ లైన్‌లో పుట్టిన మన మెల్‌బోర్న్ పాట! రైల్లో ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోటే విందాం!" అని మైకు ఇతని వైపు తిప్పింది.

జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం తగిలింది. బయటికి తియ్యాలి, "రైలు లేదు, ఏం లేదు" అనాలి. ఈ ఏడాదిగా తన మొహం చూసి నవ్విన ప్రతివాడూ వింటున్నాడు. కాల్ సెంటర్లో పక్క సీటు వాళ్లు స్పీకరు పెట్టుకుని వింటున్నారు. ఈ పాట తీసేస్తే తన దగ్గర ఏం మిగులుతుంది? కరెంటు బిల్లులు. అడగని సెలవు. కాగితం జేబులోనే వదిలేసి, "అవునండీ, ఆ రోజు కిటికీ పక్కన సీటు దొరికింది," అని మొదలుపెట్టాడు.

ఛీ! అన్నది నేను కాదు. స్టూడియో మెట్లు దిగుతూ తనని తనే అనుకున్నాడు, పైకి వినపడేలా. అక్కడినుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? గురువారం వెళ్దామనుకున్నాడు, శుక్రవారం అనుకున్నాడు. శనివారం పొద్దున జయేష్ ఫోను చేసి, నాన్న పోయాడని చెప్పాడు.

మంగళవారం మధ్యాహ్నం, స్ప్రింగ్‌వేల్ శ్మశానానికి తీసుకెళ్లేముందు ఒక గంట ఇంటి దగ్గర పెట్టారు. ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి సెగలు కక్కుతోంది. నోబుల్ పార్కు ఇంటి ముందు యాభై జతల చెప్పులు. హాల్లో పెట్టె, చుట్టూ ఫిజీ బంధువులు, గోడ వారగా నల్ల సూట్లలో చెమటలు కక్కుతూ అంత్యక్రియల కంపెనీ ఉద్యోగులు ఇద్దరు. పాషా వెనక వరసలో దాక్కున్నాడు. ఆంటీ చూడనే చూసింది. దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది.

"మీ అంకుల్ రేడియో సెవి కాడే ఎట్టుకున్నాడు బాబూ," అంది. "మొదటికాణ్ణించి ఆఖరి దాకా విన్నాడు. అయిపోనాక కూడా ఆపనివ్వనేదు."

అంతే అంది. తిట్టు లేదు, శాపం లేదు. పాషాకి తల కొట్టేసినట్టయింది.

పంతులుగారు చెప్పాల్సినవి చెప్పారు. పువ్వులు వేశారు. జయేష్ తల్లి వైపు చూసి, "అమ్మా, ఇట్స్ టైమ్, నువ్వు పాడాలి," అన్నాడు. ఆంటీ పెట్టె అంచు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, "ముందు నువ్వెల్లమ్మా..." అని ఎత్తుకుంది.

మొదటి పాదం ఇంకా పూర్తికాలేదు. గుమ్మం దగ్గర కూచున్న పిల్లల్లో అలీషా ఠక్కున తలెత్తింది. "దట్స్ అవర్ సాంగ్!" అంది సంబరంగా. పోయినవారమే బడి కచేరీలో పాడారు. తాతని సంతోషపెట్టడానికి ఆజీ అందరినీ పాడమంటోందనుకుంది పాపం, ఆ పిల్లకేం తెలుసు? లేచి నిలబడి, కచేరీలో నేర్పినట్టే చేతులు తిప్పుతూ, శాంటా, లీవ్ యువర్ బూట్స్ అవుట్‌సైడ్ అని మొదలుపెట్టింది. పక్కనున్న ముగ్గురు నలుగురు పిల్లలు అందుకున్నారు. తల్లులు పరిగెత్తి నోళ్లు మూసేలోపల పల్లవి మొత్తం అయిపోయింది. ఎవరో పెద్దాయన పెదవుల మీద చిరునవ్వు వచ్చేసి, గబుక్కున చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. జయేష్ కూతుర్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్లబోయాడు.

"పిల్లల్ని ఏటీ అనకండి," అంది ఆంటీ.

మళ్లీ ఎత్తుకుంది. మూడు మాటలు సాగింది. నాలుగో మాట దగ్గర గొంతు తనంతట తనే గంతేసింది, పెట్టె మీది వేళ్లు దరువు వేశాయి. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇంకోసారి మొదలుపెట్టింది. అదే పరుగు. ఏడాదిగా షాపులో, బళ్లో, మనవరాలి నోట వందలసార్లు విన్నది కదా. ఆవిడ కళ్లు తెరిచి జనంలో వెతికింది.

"పాషా, ఇలా రా నాయనా. మీ అమ్మ పోయినప్పుడు నీకు పాడినానే, అదెలాగుంటాది? నా నోటికి నీదే వస్తంది."

ఆ 'నీదే' అన్న మాట విన్నాక అతను పెట్టె పక్కన చతికిలబడ్డాడు.

"నాది కాదు ఆంటీ," అన్నాడు అందరూ వినేలా. "అది మీ మామ్మది. అప్పలనరసమ్మది. రైలు లేదు, ఏం లేదు, అంతా అబద్ధం చెప్పినా. లీవు కూడా... వాళ్లు ఇయ్యకపోవడం కాదు, నేను అడగనే లేదు ఆంటీ. మీరు నాకు పాడినారు. నేను అడగనే లేదు."

రెండేళ్లు దాచిన మాట. చెప్పేస్తే ఆకాశం విరిగి పడుతుందనుకున్నాడు. ఆ మాటతో ఎవరికీ పని లేదు ఇప్పుడు. వినాల్సిన మనిషి పెట్టెలో ఉన్నాడు.

"అవన్నీ తరవాత సెప్పుదువు గాని," అంది ఆంటీ ఆత్రంగా, అతని భుజం కుదుపుతూ. "మీ అంకుల్ని తీసుకెల్లిపోతన్నారు బాబూ. ముందు పాడు. నీకు సెవి ఉంది కదా, నీకు గుర్తుంటాది. పాడు."

పాషా పాడాడు. ముందు నువ్వెల్లమ్మా, మూట... అక్కడే దరువు పడింది. ఆపాడు. ఊపిరి బిగపట్టి, చెరుకు కత్తి ఎత్తినట్టు, దింపినట్టు, మెల్లిగా, మెల్లిగా మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే. మంచి చెవి అన్నారే అందరూ, ఆ చెవి నిండా అతను చేసిన పాటే ఉంది. మూడోసారి నోరు తెరిచాడు, శబ్దం రాలేదు. ఆంటీ అతని పెదవుల వంకే చూస్తోంది, అవి కదిలితే అందుకుందామని.

సూటు వేసుకున్నాయన గడియారం చూసి, జయేష్ వైపు చూశాడు. జయేష్ తల్లి వైపు చూసి, కాసేపు ఆగి, సరేనన్నట్టు తలాడించాడు. పాట లేకుండానే మూత వేసేశారు.